కంబళి కింద చలి

కరెంటు పోయిందని ఇంట్లో అందరికన్నా ముందు టీచరమ్మకి తెలిసింది. ఫ్యాను ఆగినందుకు కాదు, ముందుగదిలో తండ్రిని పడుకోబెట్టిన ఫ్రీజర్ బాక్సు రొద ఆగినందుకు. నిన్న సాయంత్రం నుంచి ఆ రొద తల తినేస్తోందని విసుక్కున్న మనిషే, అది ఆగేసరికి చేతిలో గ్లాసు కింద పెట్టి పరుగెత్తింది.

ఆమె బళ్లో ఫిజిక్సు చెబుతుంది. తండ్రి రిటైరయ్యాక ఆయన కుర్చీలోనే కూచుంది. ఇంట్లోవాళ్లు మొదట ఎగతాళికి టీచరమ్మ అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. తండ్రి మాత్రం అందరికీ పెద్ద మాస్టారు. శక్తి అంటే ఏమిటో, తరంగం అంటే ఏమిటో, వేడికీ ఉష్ణోగ్రతకీ తేడా ఏమిటో ఆ వీధిలో సగం మందికి ఆయనే చెప్పాడు. నిన్న మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని, కుర్చీలో వెనక్కి వాలి అలాగే పోయాడు.

అమ్మ అప్పటికి ఆసుపత్రిలో ఉంది. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, కదలకుండా పడుకునుంది. ఫోన్లో కబురు చెప్పారు. "నేనొచ్చేదాకా ఉంచండి. ముఖం ఒక్కసారి చూస్తాను," అంది. ఇవాళ సాయంత్రం అంబులెన్సులో పంపుతామని డాక్టర్లు ఒప్పుకున్నారు. అందుకని టీచరమ్మకి ఇవాళ ప్రపంచంలో ఉన్న పని ఒక్కటే. సాయంత్రందాకా తండ్రి ముఖం తండ్రి ముఖంలా ఉండాలి.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. బాగయ్యేసరికి ఎంతసేపవుతుందో ఎవరూ చెప్పలేదు. బాక్సు అద్దెకిచ్చినవాడు వచ్చి, ఇన్వర్టరు దీన్ని లాగలేదన్నాడు. ఊళ్లో జనరేటర్లన్నీ బయటికెళ్లాయనీ, ఒకటి సాయంత్రానికి తెస్తాననీ చెప్పాడు. "మూత తియ్యకండి. తియ్యకపోతే చలి నిలబడుతుంది," అని కూడా చెప్పి వెళ్లాడు. ఆ మాట అక్కడున్నవాళ్ల ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి పోయింది.

"ఆసుపత్రి మార్చురీకి తీసుకెళ్దాం అన్నయ్యా. అమ్మని తిన్నగా అక్కడికే తీసుకురావచ్చు," అంది టీచరమ్మ.

"అక్కడ పడేస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ఇంతమంది నాన్నని చూడ్డానికొస్తుంటే," అన్నాడు అన్న.

వాదించి లాభం లేదనుకుని ఆమె లోపలికెళ్లి అలమరా మీంచి కంబళి దింపింది. బూడిదరంగు కంబళి, ఒక మూల ఎప్పుడో ఇస్త్రీపెట్టె పడి కాలిన చిల్లు. ఆ కంబళిని చూస్తే ఆ బళ్లో చదివిన ఎవడికైనా పెద్ద మాస్టారు గుర్తొస్తాడు. ప్రతి ఏడూ వేడి పాఠం మొదలయ్యే రోజున ఆయన రెండు ఐసు గడ్డలు తెప్పించేవాడు. ఒకటి బల్ల మీద ఊరికే పెట్టి, రెండోదాన్ని ఈ కంబళిలో చుట్టేవాడు. ఏది ముందు కరుగుతుందో చెప్పండ్రా అనేవాడు. కంబళిలోది, కంబళిలోది అని క్లాసంతా అరిచేది. గంట కొట్టేసరికి బల్ల మీది గడ్డ నీళ్లై నేల మీదికి కారేది. కంబళి విప్పితే లోపలిది రాయిలా కూచునుండేది. కంబళి వేడి పుట్టించదురా వెధవల్లారా, వేడిని దాటనివ్వదు అంతే, లోపలిదైనా బయటిదైనా, అనేవాడు. మిగిలిన ఐసు ముక్కని ఆ తడి కంబళిలోనే ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. కంబళి పాడుచేస్తున్నారని అమ్మ తిట్టేది, ఐసు మాత్రం వదిలేది కాదు.

టీచరమ్మ ఆ కంబళి బాక్సు గాజుమూత మీద పరిచి, పైన ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. చివరి దుప్పటి అంచు సర్దుతుంటే మేనత్త వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏమే, నీకేమైనా పిచ్చా? ఫ్యానులేక మనమే ఉడికిపోతున్నాం. మా అన్నయ్యకి కంబళి కప్పుతావా? లోపల ఉడికిపోడూ?"

మేనత్త మందుల షాపు నడిపింది జీవితమంతా. చల్లగా ఉంచాల్సిన మందుల్ని దళసరి డబ్బాలో పెట్టి తెప్పించుకున్న మనిషి. ఆ డబ్బా ఎందుకు దళసరిగా ఉంటుందో ఒక్కనాడూ అనుమానం రాలేదన్నమాట.

"అది బయటి వేడి లోపలికి పోకుండా అత్తయ్యా," అంది టీచరమ్మ.

"నాకు చెప్పకు," అని మేనత్త దుప్పట్లు లాగడం మొదలుపెట్టింది. టీచరమ్మ ఇటు పట్టుకుంది. మనిషి పోయిన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు శవం మీద దుప్పటి కోసం పెనుగులాడుతున్నారు. ఆ రోత చూసి అన్న అడ్డమొచ్చాడు.

అన్న పెద్ద కార్ఖానాలో బాయిలర్ల ఇంజనీరు. ఆవిరి గొట్టాల చుట్టూ దళసరిగా గాజుదూది చుట్టించడం అతని ఉద్యోగంలో భాగం. ఇతనైనా తన పక్కన నిలబడతాడని టీచరమ్మ ఆశపడింది. అన్న కంబళిని పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అత్తయ్య చెప్పింది నిజమే. మా గొట్టాలకి ఇలాంటివే చుడతాం. చెయ్యి పెడితే కాలేంత వేడి ఉంటుంది లోపల. నాన్నకి అదెలా చుడతాం?"

"మీ గొట్టాల్లో ఆవిరుంది కాబట్టి వేడి నిలుస్తోంది. ఇక్కడ చలుంది, చలి నిలుస్తుంది. అదే పని అన్నయ్యా, తిరగేశామంతే."

"ఇన్నేళ్లుగా చేస్తున్నాను నేను. నాకు నేర్పకు," అన్నాడు అన్న. ఇన్నేళ్లూ చుట్టించాడు గాని ఎందుకు చుట్టిస్తున్నాడో తెలియదని అప్పుడు తేలింది. టీచరమ్మకి ఒళ్లు మండింది.

చివరికి ఆమె గైడ్ల మాస్టారు వైపు తిరిగింది. ఆయన తండ్రితో పాటు అదే బళ్లో పనిచేసి, పరీక్షలకి గైడ్లు రాసి పేరు తెచ్చుకున్నవాడు. పొద్దున్నుంచీ మంచి కుర్చీలో కూచుని, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నాడు. "శక్తికి నాశనం లేదండీ. మాస్టారు ఎక్కడికీ పోలేదు, శక్తిగా మారి మన మధ్యే ఉన్నారు." విన్నవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు. పనికి కొలత ఉన్నట్టే శక్తికీ కొలత ఉందిరా, ఎక్కణ్ణించి ఎక్కడికి ఎంత పోయిందో చెప్పలేకపోతే ఆ మాట ఎత్తకండి అని బెత్తం చూపించిన పెద్ద మాస్టారి పక్కనే కూచుని చెబుతున్నాడు ఆ మాట.

"మాస్టారూ, కంబళిలో చుట్టిన ఐసు త్వరగా ఎందుకు కరగదు? మీ గైడులో ప్రశ్న. వీళ్లకి మీరు చెప్పండి," అంది.

ఆయన జాలిగా నవ్వాడు. "అది పరీక్షకమ్మా. ఇది మనిషి."

దుప్పట్లు మడతపెట్టి మూలకి విసిరేశారు. కంబళిని మేనత్త కాలితో పక్కకి జరిపింది. గాలి రావాలని కిటికీలు బార్లా తెరిచారు, గాలికి బదులు ఎండ వచ్చింది.

ఆ తర్వాత జరిగింది చూస్తుంటే మనుషుల మీద అసహ్యం వేసింది టీచరమ్మకి. జనం తోసుకుంటూ వస్తున్నారు. ఒక్కో మనిషి ఒంట్లోంచి పాతకాలం బల్బంత వేడి వస్తుందని తండ్రి చెప్పేవాడు. అలాంటి బల్బులు గదినిండా, చెమట కారుతూ, బాక్సు మీదికి వంగి ఊపిరి వదులుతున్నాయి. పూలగుత్తులు వాడి, అడుగున నీళ్లు జిగురుగా మారాయి. తాగేసిన టీ కప్పు ఒకడు తిన్నగా బాక్సు మూత మీదే పెట్టాడు. కప్పు కింద గోధుమరంగు గుండ్రం అంటుకుంది. గాజులోంచి సరిగా కనిపించడం లేదని ఎవరో అన్నారు. అంతే, అన్న మూత ఎత్తాడు. వీడియోలో దూరపు చుట్టాలకి చూపించడానికి ఇంకోసారి ఎత్తాడు. సరిగా పడలేదని మళ్లీ ఎత్తాడు. ఎత్తిన ప్రతిసారీ లోపలి చలి కాళ్ల మీదికి జారి నేల మీద పోతుంటే టీచరమ్మకి అరికాళ్లకి తెలుస్తోంది.

"ఇంకా సాయంత్రందాకా ఆగాలి మాస్టారూ, మీరైనా వద్దనండి," అంది చేతులు జోడించి.

"కాలం సాపేక్షమమ్మా. మనకి సాయంత్రం దూరం, ఆయనకి కాదు," అన్నాడు గైడ్ల మాస్టారు కళ్లు మూసుకుని.

ఎవరి గడియారం, ఎవరు చూస్తున్నారు, ఎంత వేగంతో పోతున్నారు, ఇవి చెప్పకుండా సాపేక్షం అనేవాడి నోరు కడగాలి అనేవాడు తండ్రి. కడిగేవాడు నోరు మూసుకుని పడుకున్నాడు, చెంపల మీద చెమ్మ పడుతోంది. టీచరమ్మ కళ్లు ఆ చెమ్మ మీదే ఉన్నాయి. ఇంకో రెండుసార్లు మూత లేస్తే అమ్మ చూసేది ఈ ముఖం కాదు. బతిమాలింది, అరిచింది, పాఠం చెప్పింది. ఇంక వీళ్లకి ఎక్కేది ఏమిటని ఆలోచించింది. వీళ్లకి తెలిసింది ఒక్కటే అని తట్టింది.

అన్న మళ్లీ మూత మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యా, వాసన మొదలైంది," అంది టీచరమ్మ మామూలు గొంతుతో.

అతని చెయ్యి కాలినట్టు వెనక్కొచ్చింది. మొదటి రుమాలు గైడ్ల మాస్టారి జేబులోంచి వచ్చింది. తర్వాత అందరి చేతులూ ముక్కుల మీదే. కుర్చీలు కీచుమన్నాయి, చెప్పులు తారుమారయ్యాయి, కాస్సేపట్లో ముందుగది ఖాళీ. ఇన్ని పాఠాలకి కదలని జనం ఒక్క అబద్ధానికి వాకిట్లోకి పోయి నిలబడ్డారు.

ఆమె గబగబా కిటికీలు మూసి, మూల పడున్న కంబళి తెచ్చి మూత మీద కప్పింది. మీద దుప్పట్లన్నీ వేసి, అంచులు బాక్సు కిందికి దోపింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు.

"కప్పు కప్పు, బాగా కప్పు. వాసన ఆగుతుంది," అంది మేనత్త గుమ్మంలోంచి. తర్వాత పక్కనున్నవాళ్లతో, "నాకు పొద్దున్నే వచ్చింది. చెబితే బాగుండదని ఊరుకున్నాను," అంది. సంచిలోంచి సెంటు సీసా తీసి గుమ్మం మీద, తన మీద, ఎదురొచ్చినవాళ్ల మీద కొట్టింది.

"ఒకరకం తీపి వాసన. మగ్గిపోయిన పండులా. గుర్తుపట్టాను నేను," అన్నాడు గైడ్ల మాస్టారు.

అన్న వాకిట్లో కుళాయి దగ్గర వంగి వాంతి చేసుకుంటున్నాడు. ఆవరణలో ఉన్నవాళ్లకి, అసలు ముందుగదిలో అడుగే పెట్టనివాళ్లకి కూడా వాసన వచ్చేసింది. గేటు అవతల ఆటోవాడు ముక్కు మూసుకున్నాడు.

తాడుకి ఒక కొస గోడకి కట్టి, రెండో కొస ఆడించి తండ్రి తరంగం చూపించేవాడు. తాడు ఎక్కడిది అక్కడే ఉంది, ఊపు మాత్రం పోయింది, చూశారా అనేవాడు. ఇక్కడా అంతే. ఒక్కడూ బాక్సు దగ్గరికి పోయి వాసన చూడలేదు. ఉన్నవాడు ఉన్నచోటే ముక్కు మూసుకున్నాడు, ఊపు గేటు దాటింది.

నలుగురూ అంత గట్టిగా చెబుతుంటే టీచరమ్మకే ఒక్క క్షణం అనుమానమొచ్చింది. కంబళి అంచు ఎత్తి, మూత రబ్బరు అంచుకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. రబ్బరు వాసన, వాడిన పూల నీటి వాసన, మేనత్త సెంటు. అంతకు మించి ఏమీ లేదు. గాజు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది చలి. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుంటే గాని బడికి పోని మనిషిని, కంపు కొడుతున్నాడని ఊరందరి ముందు చెప్పింది కన్నకూతురు. సాయంత్రందాకా ఆగితే చాలు, అమ్మ చూస్తే చాలు, తర్వాత ఈ మురికి తానే కడుక్కుంటుంది అనుకుని కుర్చీ బాక్సు పక్కకి లాక్కుని కూచుంది.

ఎండ గోడ మీంచి దిగింది. ఎవరూ లోపలికి రాలేదు. కంబళి తన పని తాను చేసుకుంటోంది.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు మీద అమ్మని దింపుతుంటే టీచరమ్మ ఎదురెళ్లింది. అమ్మ ముఖం కనిపించలేదు. ఆసుపత్రి దుప్పటి అంచు ముక్కు మీదిదాకా లాక్కునుంది. కళ్లు మాత్రం పైన తేలుతున్నాయి, కూతురి వైపు కాకుండా గుమ్మం వైపు చూస్తున్నాయి.

"అమ్మా, దుప్పటి తియ్యి. ఏమీ లేదు," అంది టీచరమ్మ.

"అన్నయ్య ఫోన్ చేశాడే," అంది అమ్మ దుప్పటి వెనకనుంచి. "ముందే చెప్పకపోతే తట్టుకోలేనని. వాంతి కూడా అయిందట వాడికి."

"అబద్ధమమ్మా. నేనే చెప్పాను. మూత తీస్తూనే ఉంటే ఇంకేం చెయ్యాలో తోచక వాసనొస్తోందన్నాను. నాన్న బాగున్నారు. చూడు, వచ్చి చూడు."

"దానికి బాధ వదినా, ఒప్పుకోలేకపోతోంది," అంది మేనత్త వెనకనుంచి. "మేమందరం పీల్చాం. మాస్టారుగారు చెప్పండి."

"ఈ వాసన గుర్తుపట్టలేకపోవడమేముందమ్మా," అన్నాడు గైడ్ల మాస్టారు రుమాలు తియ్యకుండానే.

"అమ్మని హింసపెట్టకు చెల్లాయ్," అన్నాడు అన్న. అతని కళ్లల్లో నిజంగా నీళ్లున్నాయి. అతనికి నిజంగా వాసన వస్తోంది, అదే భరించలేకపోయింది టీచరమ్మ.

స్ట్రెచరు బాక్సు పక్కకి చేర్చారు. టీచరమ్మ దుప్పట్లు లాగి పారేసింది. కంబళి మీద చెయ్యి వేసేసరికి అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"తియ్యకే."

"నన్ను నమ్మవా అమ్మా?"

"నువ్వు చెప్పేదే నిజం. నాకు తెలుసు." అమ్మ గొంతు సన్నగా, తొందరలేకుండా ఉంది. "కానీ దారిపొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. మందు వాసనొచ్చినా అదే అనిపించింది. ఇప్పుడు మూత తీస్తే, ఏమీ లేకపోయినా సరే, నాకు వాసన వస్తుంది. బతికినన్నాళ్లూ ఆయన్ని తలుచుకుంటే అదే వస్తుంది. నాకొద్దు."

టీచరమ్మ మోకాళ్ల మీద కూచుని, అమ్మ చెయ్యి తీసుకుని కంబళి కిందికి దూర్చి గాజు మీద ఆనించింది. అమ్మ వేళ్లు మొదట ముడుచుకున్నాయి. తర్వాత నెమ్మదిగా విచ్చుకుని, అరచెయ్యి మొత్తం గాజుకి అంటుకుంది.

"ఇంకా కరగలేదు," అంది అమ్మ.

చాలాసేపు అలా ఉంచింది. కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు జారుతున్నాయి. రెండో చెయ్యి మాత్రం దుప్పటిని ముక్కు మీదే పట్టుకునుంది.

జనరేటరు వచ్చింది, దాంతోపాటే కరెంటూ వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, బాక్సు మళ్లీ రొదపెట్టింది. గైడ్ల మాస్టారు గుమ్మంలో నిలబడి, ఇంతమందికి వేడి గురించి చెప్పిన మనిషి అంటూ మొదలుపెట్టాడు. అమ్మని తిరిగి ఆసుపత్రికి పంపే ముందే నాన్నని తీసుకెళ్లిపోదామని అన్న తొందరపెట్టాడు. స్ట్రెచరుని గోడవైపు తిప్పారు. మొయ్యడానికొచ్చినవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మూత ఎత్తారు.

టీచరమ్మ వంగి చూసింది. పొద్దున ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నుదుటి మీద గీతలు, ఎడమ కనుబొమ్మలో పొడుగ్గా పెరిగిన తెల్లవెంట్రుక, తప్పు సమాధానం విన్నట్టు కాస్త ముడిచిన పెదవి. తన చెంప ఆయన చెంపకి ఆనించి ఊపిరి పీల్చింది. సబ్బు వాసన.

"ముక్కు మూసుకో," అన్నాడు అన్న చెవిలో, ఎంతో ప్రేమగా.

వాళ్లు మోసుకుంటూ గుమ్మం దాటుతుంటే, గోడవైపు తిప్పిన స్ట్రెచరు మీంచి అమ్మ అడిగింది. "ఎలా ఉన్నారే?"

"పొద్దున ఎలా ఉన్నారో అలాగే ఉన్నారమ్మా."

అమ్మ తల ఊపింది. దుప్పటి అంచు ఇంకా ముక్కు మీదే ఉంది.